తలుపు తీయగానే కనిపించే అర

నోటీసు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఫ్లాట్ల ముందు కారిడార్లలో పెట్టుకున్న చెప్పుల స్టాండ్లు, పూలకుండీలు, పిల్లల సైకిళ్లు అన్నీ నెలాఖరులోగా లోపలికి తీసేసుకోవాలి. మంటలు లేస్తే మనుషులు పరిగెత్తే దారి అది. తీయనివాళ్ల సామాను సెక్యూరిటీవాళ్లే తీసి సెల్లార్‌లో పడేస్తారు. కింద వరసగా బొటనవేళ్ల బొమ్మలు. ఆ వేళ్లు ఎత్తినవాళ్లలో సగంమంది గుమ్మాల ముందు కాలు పెట్టే చోటుండదని నాకు తెలుసు. మా ఎదురింటాయన అయితే పాడైపోయిన ట్రెడ్‌మిల్లు ఒకటి కారిడార్‌లోనే పెట్టి దానిమీద తువ్వాళ్లు ఆరేస్తాడు. ఆయన రెండు వేళ్లు పెట్టాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. రూలు సరైనదే. అందుకే ఇంకా మండింది, పోట్లాడటానికి కూడా వీల్లేదు.

మా గుమ్మం పక్కన చిన్న ఇనుప స్టాండు ఉండేది. పై అరలో నా ఆఫీసు చెప్పులు, నడకకు వేసుకునే బూట్లు. కింది అరలో ఒక జత మగ చెప్పులు. తొమ్మిదో నంబరు, ముదురు గోధుమరంగు తోలువి. ఆ చెప్పులు ఎవరివీ కావు.

ఉద్యోగానికి వచ్చిన కొత్తలో మాదాపూర్‌లో హాస్టల్ తిండి పడక ఒక ఇంటి మేడమీద గది తీసుకున్నాను. ఆ ఇంటావిడ చాలా ఏళ్లు ఒక్కతే ఇల్లు నెట్టుకొచ్చిన మనిషి. నేను సామాను దింపుకున్న రోజే పైకి వచ్చి, గది అంతా కలయజూసి, "ఒక్కదానివే ఉంటవ్ గద బిడ్డా. గడప ముంగట మగోళ్ల చెప్పులు ఒక జత పెట్టుకో. ఇగ ఎవడు ఏం అడగడు" అంది. నేను నవ్వేశాను. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు, అలాంటి మాటలకు నవ్వే వయసు. ఆ వారమే గ్యాస్ బండ తెచ్చినతను నా భుజం మీదుగా గదిలోకి చూసి "సార్ లేరా?" అన్నాడు. అతని మనసులో ఏమీ లేకపోవచ్చు. కానీ ఆ సాయంత్రమే నేను చెప్పుల కొట్టుకు వెళ్లాను. ఏ నంబరు కావాలని అడిగాడు కొట్టతను. మా నాన్నది తొమ్మిది, అదే చెప్పాను.

అప్పట్నుంచి ఎన్ని ఇళ్లు మారినా ఆటోలోంచి ముందు దిగేవి ఆ చెప్పులే. వానలకు పాడైతే కొత్తవి కొనేదాన్ని. ఇప్పుడున్నది నాలుగో జత. రెండు మూడు రోజులకోసారి వాటిని కాలితో కాస్త జరిపేదాన్ని, ఒకటి ముందుకు, ఒకటి పక్కకు, ఎవరో ఇప్పుడే విడిచి లోపలికి వెళ్లినట్టు. వాచ్‌మన్‌కి నిజం తెలుసు. ఎదురింటివాళ్లకీ తెలిసే ఉంటుంది. కానీ మా గుమ్మం ముందుకు రోజూ కొత్త మొహాలు వస్తాయి. కూరగాయల సంచీ తెచ్చేవాడు, పార్సిల్ తెచ్చేవాడు, ఇంటర్నెట్ బాగుచేసేవాడు. వాళ్లు సంచీ కింద పెట్టడానికి తల వంచినప్పుడు మొదట కనబడేది చెప్పులే.

పెళ్లి ఎందుకు కాలేదంటే చెప్పడానికి పెద్ద కథేమీ లేదు. సంబంధాలు చూశారు. కొందరికి నేను నచ్చలేదు, కొందరు నాకు నచ్చలేదు, ఆ తర్వాత చూసేవాళ్లు లేకపోయారు. నలభై దాటాక అడిగేవాళ్లు కూడా మానేశారు. అడిగినన్నాళ్లూ విసుక్కున్నాను. మానేశాక మాత్రం దిగులేసింది. పుప్పాలగూడలో ఈ ఫ్లాటు కొనుక్కున్నప్పుడు పాలు పొంగించడానికి అన్నయ్య, వదిన వచ్చి రెండు రోజులుండి వెళ్లారు. వాళ్ల కారు గేటు దాటగానే పైకి వచ్చి నేను చేసిన మొదటి పని అట్టపెట్టెలోంచి ఆ చెప్పులు తీసి గుమ్మం ముందు పెట్టడం. అన్నయ్యకు ఆ సంగతి తెలియకూడదని అంతవరకూ దాచాను.

ఒక్కదాన్నే ఉండటం నాకు కష్టంగానే ఉంటుంది. ఇన్నేళ్లయినా అలవాటు కాలేదు, అలవాటైందని నలుగురిలో కోతలు కోస్తానంతే. కానీ ఆ సంగతి ముక్కూమొహం తెలియనివాళ్లకు నా గుమ్మం చూసి తెలిసిపోవడం నేను భరించలేను. నోటీసు చదివినప్పుడు నాకు తోచింది ఒక్కటే. స్టాండు లోపలికి పోతే చెప్పులూ లోపలికి పోతాయి. ఇక తలుపు తీస్తే ఎదురుగా నేనొక్కదాన్నే కనిపిస్తాను.

తలుపు తీయగానే మా ఇంట్లో ఒక సన్నటి దారి ఉంటుంది. బిల్డరు బ్రోషర్‌లో దానికేదో ఇంగ్లీషు పేరు పెట్టాడు, మా గోదావరి వైపు అయితే నడవ అంటాం. వెడల్పు నాలుగడుగులు. ఎడమ గోడమీద కరెంటు డబ్బా, కుడి గోడ ఖాళీ. ఆ ఖాళీ గోడకు ఏం పెట్టించాలని ఆఫీసులో అడిగితే మా టీమంతా రెండుగా చీలిపోయింది. అద్దె ఇళ్లలో ఉండేవాళ్లంతా రెడీమేడ్ అన్నారు. డబ్బాలో వస్తుంది, గంటలో బిగించుకోవచ్చు, ఇల్లు మారితే విప్పి పట్టుకుపోవచ్చు. సొంత ఇళ్లవాళ్లంతా వడ్రంగి చేత చేయించమన్నారు. గోడకు అతికినట్టుంటుంది, వానాకాలం ఉబ్బదు, పదేళ్లు కళ్లు మూసుకుని ఉండొచ్చు. మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర గంటసేపు వాదించుకున్నారు. నాకు ఏం కావాలో మాత్రం ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పేదాన్ని కాదనుకోండి.

ఒక ఆదివారం హైటెక్ సిటీలో ఈ విడిభాగాల ఫర్నిచర్ అమ్మే పెద్ద షాపుకి వెళ్లాను. అందులో ఎటు నడవాలో నేలమీద బాణాలు వేసి ఉంటాయి. ఆ దారి పొడుగునా మనుషులు లేని ఇళ్లు. పడకగది, వంటగది, పిల్లల గది, అన్నీ ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టు సర్ది ఉన్నాయి. ఒక భోజనాల బల్లమీద నలుగురికి కంచాలు పెట్టారు. నేను నా చెప్పులను కాలితో జరిపే పనే వీళ్లూ చేస్తున్నారు, కాకపోతే పెద్ద ఎత్తున. ఆ ఇళ్లల్లోకి కుటుంబాలు కుటుంబాలే వచ్చి సోఫాల్లో చేరగిలబడి ఫొటోలు తీసుకుంటున్నాయి. ఒక పెద్దాయన మంచంమీద నిజంగానే నిద్రపోయాడు, మనవరాలు ఆయన కళ్లజోడు తీసి పక్కన పెడుతోంది. నాకూ కాసేపు కూర్చోవాలనిపించింది. ఒక్కదాన్నే కూర్చుంటే కొనడానికి వచ్చినట్టుండదు, కాళ్లు నొప్పెట్టి కూలబడినట్టుంటుందని నడుస్తూనే ఉన్నాను.

చెప్పుల బీరువాలు బాగానే ఉన్నాయి. జానెడు లోతు, అంతే. గోడకు బిగిస్తే దారికి అడ్డం రావు. తలుపు లాగితే ముందుకు వంగుతుంది, లోపల చెప్పులు నిలువుగా నిలబడతాయి, మూస్తే ఇంట్లో చెప్పులున్నాయనే తెలియదు. అమ్మే అమ్మాయి అదే గొప్పగా చెప్పింది.

"బయటికి ఒక్క చెప్పు కూడా కనబడదు మేడం. చాలా నీట్‌గా ఉంటుంది."

"కనబడేట్టు ఉండేది లేదామ్మా?"

ఆ అమ్మాయి నన్ను వింతగా చూసి, తెరిచి ఉన్న చెక్క బెంచీ ఒకటి చూపించింది. అది నా నడవలో పెడితే మనిషి పక్కకు తిరిగి నడవాలి.

అయినా ఆశ చావక, బీరువాను ఎలా బిగించాలో చెప్పే పుస్తకం అడిగి తీసుకున్నాను. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. ఏ వస్తువుకైనా కాగితాలు చదవందే కొనను. మొదటి పేజీలో మాటల్లేవు, బొమ్మలే. ఒక మనిషి ఒంటరిగా డబ్బా ముందు నిలబడి ఉన్నాడు, మూతి కిందికి వంగింది, అతని మీద అడ్డంగా ఇంటు గుర్తు కొట్టారు. పక్క బొమ్మలో ఇద్దరున్నారు, ఇద్దరూ నవ్వుతున్నారు. అది బరువు మోయడం గురించని నాకు తెలుసు. బిగించే మనిషిని కావాలంటే షాపువాళ్లే పంపుతారని ఆ అమ్మాయి చెప్పింది కూడా. అయినా ఆ ఇంటు గుర్తును ఇంకోసారి చూడలేకపోయాను. పుస్తకం తిరిగిచ్చేసి, బాణాలకు ఎదురు నడిచి బయటపడ్డాను.

వడ్రంగిని వాచ్‌మన్ పంపించాడు. ఈ ఊరివాడే, అరవై దగ్గర పడ్డ మనిషి. తాతలు ఇక్కడి పొలాలకు నాగళ్లు చేసేవాళ్లట, ఈయన ఆ పొలాల్లో లేచిన బిల్డింగులకు వంటింటి అలమారలు చేస్తాడు. చెవిమీద పెన్సిలు, చేతిలో టేపు. గుమ్మం బయట తన చెప్పులు విడిచి, నా స్టాండు వైపు ఒకసారి చూసి లోపలికొచ్చాడు.

"చెప్పుండ్రి మేడం, ఏం జెయ్యాలె?"

నేను గోడ చూపించాను. పైన తలుపులున్న అరలు రెండు కావాలనీ, కింద ఒక అర మాత్రం తెరిచే ఉండాలనీ, ఇంటి తలుపు తీయగానే అందులో చెప్పులు కనిపించాలనీ చెప్పాను.

"చెప్పులు కనబడాల్నా? అందరు దాయమంటరు."

"మావారికి పొద్దున్నే హడావిడండీ. చెప్పులు ఎదురుగా లేకపోతే ఇల్లంతా వెతుకుతారు."

ఆ మాట నా నోట్లోంచి అంత సులువుగా రావడం నాకే ఆశ్చర్యమేసింది. ఇరవయ్యేళ్లకు పైగా అబద్ధమంతా చెప్పులే ఆడాయి. నేను నోరు తెరిచి 'మావారు' అన్నది ఎన్నడూ లేదు.

"గవేనా సారు చెప్పులు? అర లోతు చూస్కోవాలె" అంటూ ఆయన బయటికి వెళ్లి ఒక చెప్పు తెచ్చాడు. టేపుతో పొడుగు కొలిచాడు, తిరగేసి చూశాడు, మళ్లీ తీసుకెళ్లి ఉన్నచోటే జాగ్రత్తగా పెట్టొచ్చాడు. ఆ తర్వాత ఏమీ మాట్లాడకుండా గోడమీద పెన్సిలు గీతలు గీస్తూ చాలాసేపు నిలబడ్డాడు. ఇంటికి వచ్చిన మనిషి మాట్లాడకపోతే నాకు కాళ్లూచేతులూ ఆడవు. ఏదో ఒకటి నేనే అనేస్తాను.

"ఒక పాప కూడా ఉందండీ" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. భర్త ఉన్నాడని చెప్పడానికి భయమనే కారణముంది. పాపకు ఏ కారణమూ లేదు.

ఆయన వెనక్కి తిరిగి నా మొహంలోకి చూశాడు. "ఎంత ఎత్తుంటది పాప?" అన్నాడు.

నేను చెయ్యి చాచి, నా నడుం కన్నా కాస్త పైన, గాలిలో పెట్టి చూపించాను. ఆయన వంగి, టేపు ఒక కొస నేలకు ఆనించి, రెండో కొస నా అరచేతి కిందికి తెచ్చి కొలిచాడు. "మూడున్నర అడుగులు" అని గోడమీద రాసుకున్నాడు. "అయితె పాపకు సొరుగు కింద పెడ్త. చెయ్యి అందాలె గద."

టేపు చుట్టుకుపోయాక కూడా నేను కాసేపు అలాగే చెయ్యి చాచి నిలబడ్డాను.

పని ఆరు రోజులు పట్టింది. బాల్కనీలో ప్లైవుడ్ కోయడం, నడవలో బిగించడం. ఆ ఆరు రోజులూ నేను ఇంటినుంచే ఆఫీసు పని చేశాను. ఆయన దగ్గర పనిచేసేవాళ్లంతా పెద్ద ఇంటీరియర్ కంపెనీలకు వెళ్లిపోయారట, ఒక్కడే వచ్చేవాడు. కానీ ఆరడుగుల చెక్క ఒక్కడి చేతిలో నిలవదు.

"మేడం, జర గా కొన పట్టుండ్రి."

మెడలో హెడ్‌సెట్, అవతల మీటింగులో ఎవరో స్లైడ్లు చదువుతుంటే, నేను ఇటు చెక్క కొన పట్టుకుని నిలబడేదాన్ని. "కొంచెం మీదికి. చాలు. గట్లనే ఉండుండ్రి, కదలకుండ్రి." షాపు పుస్తకంలోని రెండో మనిషి గుర్తొచ్చాడు. నా మొహం అద్దంలో చూసుకోలేదు గానీ, నవ్వుతూనే ఉండి ఉంటాను.

నా భయమంతా నాలుగు గంటల గురించి. నాలుగింటికి స్కూలు బస్సులు వచ్చి గేటు దగ్గర ఆగుతాయి, కారిడార్లన్నీ పిల్లల అరుపులతో నిండిపోతాయి. మా ఇంటికి ఏ పిల్లా రాదు. ట్యూషనని చెప్పాలా, డాన్సు క్లాసని చెప్పాలా అని మొదటి రోజు మధ్యాహ్నమంతా అల్లుకుంటూ కూర్చున్నాను. మూడున్నరకే ఆయన ఉలి, చిత్రిక సంచీలో పెట్టేసి, "ఇయ్యాల్టికి చాలు మేడం, రేపొస్త" అన్నాడు. రెండో రోజూ మూడున్నరే. ఆరు రోజులూ అంతే. పొద్దున్న ఎనిమిదింటికే వచ్చే మనిషి కదా, అందుకే తొందరగా వెళ్తున్నాడనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

మధ్యాహ్నం ఆయన తన డబ్బా తెచ్చుకునేవాడు. నేను రెండో రోజు నుంచి ఇంకొకరికి సరిపడా వండటం మొదలుపెట్టాను. బీరకాయ పప్పు, వంకాయ కూర. ఆయన నాకో జొన్న రొట్టె ముక్క ఇచ్చి, నా కూర కొంచెం వేసుకుని, నేలమీదే కూర్చుని తినేవాడు. నేనూ కుర్చీ వదిలేసి కింద కూర్చున్నాను. అక్కడే నాకు నోటి దురద పట్టుకుంది. మావారు కాఫీలో చక్కెర వేసుకోరన్నాను. పాపకు లెక్కలంటే భయమన్నాను. తండ్రికి కోపమొస్తే అది వెళ్లి ఆయన చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని ఇల్లంతా టకటకా నడుస్తుందనీ, అప్పుడాయన నవ్వేస్తారనీ చెప్పాను. ఇవన్నీ ముందుగా అనుకున్నవి కావు, తింటూ తింటూ నోట్లోకి వచ్చినవి. వడ్రంగి "మంచిది" అనేవాడు, లేకపోతే "పిల్లలు గంతే" అనేవాడు. ఇంకేమీ అడిగేవాడు కాదు.

నిజం చెప్పాలంటే ఈ ఫ్లాటులోకి వచ్చాక నేను హాయిగా గడిపిన రోజులు ఆ ఆరే. ఇంట్లో రంపం చప్పుడు, రంపప్పొట్టు వాసన, మధ్యమధ్యలో నన్ను పిలిచే ఒక గొంతు. ఆయన వెళ్లిపోయాక పొట్టు ఊడ్చేటప్పుడు రేపు మళ్లీ వస్తాడు కదా అనుకునేదాన్ని. అయిదో రోజు ఊడుస్తూ ఏడ్చాను.

ఒకసారి సొరుగు బిగిస్తుంటే, "మేకులు కొట్టరా?" అని అడిగాను.

"మేకు కొడితె మల్ల తియ్యరాదు, చెక్క పలుగుతది. ఇంట్ల మనుషులు పెరుగుతరు, తగ్గుతరు. స్క్రూ అయితె ఎప్పుడన్న విప్పి మార్చుకోవచ్చు."

ఆఖరి రోజు మా ఇళ్లల్లో పని ముగిసిన వడ్రంగికి బట్టలు పెట్టినట్టే పంచె, కండువా, పళ్లు, తాంబూలం పళ్లెంలో సర్దాను. మా వైపు అది దంపతులిద్దరూ కలిసి ఇవ్వాలి. "ఆయన కూడా ఉండాల్సిందండీ, మీటింగు పడింది" అన్నాను పళ్లెం చాపుతూ. వడ్రంగి తన భుజంమీది కండువాకు చేతులు తుడుచుకుని రెండు చేతులా అందుకున్నాడు. "నువ్విస్తె చాలు బిడ్డా" అన్నాడు. అంతవరకూ మేడం అన్న మనిషి అప్పుడే మొదటిసారి బిడ్డా అన్నాడు. పెద్దాయన కదా, బట్టలు పెట్టేసరికి మనసు కరిగిందనుకున్నాను.

ఆ తర్వాత నాకు ఆఫీసు ఫోను వచ్చి పడకగదిలోకి వెళ్లాను. అరగంట మాట్లాడుతూనే ఉన్నాను. నడవలోంచి సాండ్ పేపర్ రుద్దుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. చెక్క అంచులు నున్న చేస్తున్నాడనుకున్నాను. బయటికొచ్చేసరికి అంతా తుడిచేసి, నేను తీసుకుపొమ్మన్న పాత స్టాండు భుజానికి తగిలించుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నా చెప్పులు పై అరలో, మగ చెప్పులు కింద తెరిచిన అరలో ఆయనే సర్దేశాడు. "ఒకపాలి బయటికి పొయ్యి, తలుపు తీసి చూస్కో" అన్నాడు. వెళ్లి చూశాను. తలుపు తీయగానే, నేనడిగినట్టే, మొదట కనబడింది ఆ జతే.

ఆయన వెళ్లిపోయాడు. సాయంత్రం దీపం పెట్టి, అలవాటు కొద్దీ చెప్పులు జరపబోయాను. కొత్త చెక్కకు గీత పడుతుందేమోనని ఈసారి కాలితో కాక వంగి చేత్తో తీశాను. చేతికి ఏదో తేడాగా తగిలింది.

చెప్పు లోపల, మడమ ఆనేచోట, వేళ్లు ఆనేచోట రంగు మారింది. చెక్కకు వేసే పాలిష్ గుడ్డతో అద్ది అద్ది, అచ్చం చెమట పట్టిన పాదం గుర్తులా చేశాడు. బొటనవేలి దగ్గర కాస్త నలుపెక్కువ. తిరగేసి చూశాను. అడుగున కొట్టువాళ్లు అంటించిన ధర చీటీ నేను ఇన్నాళ్లూ తీయనేలేదని నాకప్పుడు గుర్తొచ్చింది. అది ఇప్పుడు లేదు. అడుగంతా సాండ్ పేపర్‌తో రుద్ది అరగదీశాడు, అదీ ఒకేలా కాదు. కుడి చెప్పు మడమ బయటివైపు ఎక్కువ అరిగింది, కాస్త ఒరిగి నడిచే మనిషిదిలా. పట్టీ కూడా వంచి వంచి మెత్తబరిచాడు.

మొదటి రోజు ఆయన చెప్పు తిరగేయడం నా కళ్లతో నేనే చూశాను. నలిగిన గుర్తు లేని చెప్పు, చీటీ ఊడని చెప్పు. ఆ క్షణం నుంచీ ఆయనకు అంతా తెలుసు. అందుకే సారు గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అందుకే మూడున్నరకే సంచీ సర్దుకున్నాడు. తెలిసే, గాలిలో నా చెయ్యి కింద టేపు పెట్టి కొలిచాడు. ఇరవయ్యేళ్లుగా ఊళ్లోవాళ్ల తప్పులన్నీ పడుతున్నదాన్ని, నా అబద్ధాన్ని ఒక్కసారి తిరగేసి చూసుకోలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. కాసేపటికి ఆ సిగ్గు పోయి ఏడుపొచ్చింది. ఇన్నేళ్లలో నా గుమ్మం ముందు చెప్పులు చూసినవాళ్లంతా నన్నేమీ అడక్కుండా వెళ్లిపోయారు. చూసి, తెలుసుకుని, నా కోసం పని చేసిపెట్టిన మనిషి ఈయనొక్కడే.

మర్నాడు పొద్దున్న ఫోన్ చేశాను.

"చెప్పుండ్రి మేడం. తలుపు సక్కగ పడుతలేదా?"

"అదేం లేదండీ, అంతా బాగుంది" అన్నాను. కొత్త అలమార తలుపు ఊరికే తీసి మూశాను. "మేస్త్రీగారూ, ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటానండీ. మావారూ లేరు. పాపా లేదు."

ఎవరూ అడక్కుండా, నా అంతట నేను ఆ మాట ఒకరితో అనడం అదే మొదలు.

"ఎరుకే బిడ్డా" అన్నాడాయన. "ఏం ఫికర్ జెయ్యకు. గా చెప్పులు గట్లనే ఉండని. ఇగ ఎవడు చూసిన నమ్ముతడు."

ఆయనే మళ్లీ అన్నాడు. "పాప సొరుగు తీసెయ్యమంటవా? పది నిమిషాల పని. గా జాగల నీకు ఇంకో అర వస్తది."

నేను నడవలోనే నిలబడి ఉన్నాను. గోడమీద ఆయన పెన్సిలుతో రాసుకున్న మూడున్నర అడుగుల కొలత అలమార పక్కన ఇంకా కనబడుతోంది. సొరుగు లాగి చూశాను. మెత్తగా, చప్పుడు లేకుండా వచ్చింది. మూలలన్నీ చేతికి గుచ్చుకోకుండా గుండ్రంగా నున్న చేసి ఉన్నాయి.

"వద్దండీ" అన్నాను. "ఉండనివ్వండి."

"మంచిది" అన్నాడు. "స్క్రూల మీదనే ఉన్నది. ఎప్పుడు తియ్యాలనిపిస్తె అప్పుడు ఫోన్ జెయ్యి, నేనొస్త."